తీసిన ర్యామ్ ఎవరికిచ్చావ్?

1997, 98 నాటికి హైదరాబాదులో ఓ బ్యాంకు ఉద్యోగి ఇంటికో, లెక్చరర్ గారింటికో కంప్యూటర్ వచ్చిందంటే అది ఒకే కంపెనీ అట్టపెట్టెలోంచి దిగిన వస్తువు అయ్యేది కాదు. మదర్‌బోర్డు ఒక షాపులో, ప్రాసెసర్ ఇంకో షాపులో, మానిటర్ పై అంతస్తులో, క్యాబినెట్ సెల్లార్‌లో కొని, అన్నీ బిగించి, విండోస్ ఎక్కించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఇంట్లో అమర్చి వెళ్లే మనిషి ఒకడుండేవాడు. వాడి పేరు చాలామందికి గుర్తుండేది కాదు. ‘కంప్యూటర్ అబ్బాయి’ అంటే సరిపోయేది. కొన్నేళ్ల పాటు ఆ అబ్బాయిని నేను.

సరుకంతా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దొరికేది. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరూ సీటీసీ అనేవారు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, ముంబైకి లామింగ్టన్ రోడ్డు, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు ఉన్నట్టే మనకు ఇది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాడు అమెరికా పోతాడు, హార్డ్‌వేర్ నేర్చుకున్నవాడు పార్క్‌లేన్ పోతాడు అని మా బ్యాచ్‌లో ఒక జోకు. 2000 సంవత్సరం గండం పుణ్యమా అని కోబాల్ వచ్చినవాళ్లు విమానాలెక్కుతున్న రోజులవి. మేం ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని మెట్లెక్కేవాళ్లం.

బేరం తెల్లకాగితం మీద మొదలయ్యేది. పెంటియం 166 ఎంఎంఎక్స్, 16 ఎంబీ ర్యామ్, 2.1 జీబీ హార్డ్ డిస్కు, 1.44 ఫ్లాపీ డ్రైవు, 14 అంగుళాల కలర్ మానిటర్, కీబోర్డు, మౌసు, మౌసు కింద వేసుకునే ప్యాడు. చివర్న ‘మల్టీమీడియా కిట్’ అని ఒక లైను. సీడీ డ్రైవు, సౌండ్ కార్డు, రెండు స్పీకర్లు కలిపి ఒకే పెట్టెలో వచ్చేవి. ఇంటి పెద్దాయన పెన్ను ముందు ఆ లైను మీదే పడేది. “పిల్లల చదువుకు పాటలెందుకయ్యా?” అని కొట్టేసేవాడు. ఆరునెలలు తిరక్కముందే ఫోన్ వచ్చేది. ఆ ఫోన్ వస్తుందని తెలిసే, సీడీ డ్రైవుకు సరిపడా ఖాళీ ఉన్న క్యాబినెట్టే ఇచ్చేవాళ్లం.

బిగింపు మా చిన్న గదిలో, నేల మీద పరిచిన పాత వార్తాపత్రికల మీద జరిగేది. హార్డ్‌వేర్ కోర్సులో అన్నిటికంటే ముందు నేర్పిన పాఠం పవర్ సప్లై గురించి. పాత ఏటీ క్యాబినెట్లలో పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చే ప్లగ్గులు రెండు, పీ8, పీ9. రెండూ అచ్చు ఒకేలా ఉండేవి. అటుదిటు, ఇటుదటు పెట్టినా దూరిపోయేవి. అలా పెట్టి స్విచ్చి వేస్తే బోర్డు కాలిపోయేది. అందుకే రెండు ప్లగ్గుల నల్లవైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలి. ‘నలుపు పక్కన నలుపు’ అని నోటికి వచ్చేదాకా చెప్పించేవారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చింది కాబట్టి సరిపోయింది, అందులో ఒకటే ప్లగ్గు, తప్పుగా పెట్టాలన్నా దూరదు. అయినా కొత్త పద్ధతి పార్క్‌లేన్ పూర్తిగా పట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. చవక క్యాబినెట్లు అప్పటికింకా ఏటీవే కదా.

హార్డ్ డిస్కు కేబులుకు ఒక అంచున ఎర్రగీత. అది ఒకటో పిన్ను వైపుండాలి. ఒకే కేబులు మీద రెండు డిస్కులుంటే ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్. డిస్కు వెనకాల ఉన్న చిన్న జంపరును పట్టకారుతో లాగి పక్క పిన్నుల మీద తొడగాలి. బియ్యపుగింజంత ముక్క అది. గచ్చు మీద పడితే ఇల్లంతా ఊడ్చినా దొరకదు. అందుకే మా జేబుల్లో స్క్రూలతో పాటు జంపర్లూ గలగలలాడేవి. ఇక బయాస్‌లో సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు డిస్కు మీద అతికించిన లేబుల్ చూసి ఎక్కించాలి. 486 బోర్డుల్లో చాలావాటికి 504 ఎంబీ దాటితే కళ్లు కనపడేవి కాదు. 850 ఎంబీ డిస్కు కొనుక్కొచ్చినా 504 అనే చూపించేది. “మిగతాది ఏమైందయ్యా?” అని అడిగినవాళ్లకు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల లెక్క వివరించి ఒప్పించడం కంటే బోర్డు మార్పించడం తేలికగా ఉండేది.

ఒక చిన్న మోసం గురించి ఇక్కడే చెప్పాలి, అది మా ఒక్కరి మోసం కాదు, లోకమంతా చేసిందే. అప్పటి క్యాబినెట్ల ముందు ఎర్రటి అంకెలు వెలిగేవి. 66 అని, 100 అని. దాని పక్కనే టర్బో బటను. అది నొక్కితే అంకె మారేది. అది ప్రాసెసర్ వేగం కొలిచి చూపిస్తోందని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. నిజానికి ఆ అంకెకూ ప్రాసెసర్‌కూ ఏ సంబంధమూ లేదు. దాని వెనక ఉన్న జంపర్లతో మనం ఏ అంకె పెడితే అదే వెలుగుతుంది. ప్రాసెసర్ మార్చాక అంకె కూడా మార్చి వెళ్లకపోతే “వేగం పెరగలేదేంటి?” అని ఇంటాయన మళ్లీ ఫోన్ చేసేవాడు. అందుకని అప్‌గ్రేడ్ బిల్లులో ఆ పని కూడా ఉండేది, రాయకపోయినా.

అసలు మా బతుకంతా అప్‌గ్రేడ్ల మీదే నడిచింది. కొత్త మిషను అమ్మితే మిగిలేది తక్కువ. ఉన్న మిషనులో ర్యామ్ పెంచడం, డిస్కు మార్చడం, 486 తీసి పెంటియం పెట్టడం, వీటితోనే నెల గడిచేది. పెంటియం బోర్డుల్లో 72 పిన్నుల ర్యామ్ స్టిక్కులు జంటగా వెయ్యాలి, ఒంటరిగా వేస్తే మిషను లేవదు. కాబట్టి 16ని 32 చేయాలంటే చాలాసార్లు స్లాట్లు ఖాళీ లేక పాత జంటను తీసి కొత్త జంట పెట్టాల్సి వచ్చేది. తీసినదానికి విలువ కట్టి బిల్లులో తగ్గించేవాళ్లం. ఆ తీసిన జంట ఊరికే డ్రాయర్లో పడుండేది కాదు. మరుసటి వారానికల్లా 8 ఎంబీతో ఏడుస్తున్న ఇంకో మిషనులో ఉండేది.

నా దగ్గర అట్ట చిరిగిన లాంగ్‌బుక్ ఒకటుండేది. ఏ ముక్క ఎక్కణ్నుంచి తీశాను, ఎక్కడ వేశాను అని అందులో రాసుకునేవాణ్ని. అది వ్యాపారం లెక్కే, కానీ ఇప్పుడు చదివితే ఊరి చుట్టరికాల చిట్టాలా ఉంటుంది. విద్యానగర్ బ్యాంకు మేనేజర్ గారి 486 బోర్డు నల్గొండలో డాస్, వర్డ్‌స్టార్ నేర్పే ట్యుటోరియల్‌కి పోయింది. ఆయన 850 ఎంబీ డిస్కు దిల్‌సుఖ్‌నగర్ డీటీపీ సెంటరుకు. ఆ డీటీపీ వాళ్ల పాత మానిటర్, కొంచెం పచ్చగా కొడుతుండేది, ఒక ఇంజనీరింగ్ కుర్రాడి హాస్టల్ గదికి. ఎప్పుడైనా సర్వీసుకు వెళ్తే మేనేజర్ గారు కాఫీ ఇచ్చి అడిగేవారు: “తీసిన ర్యామ్ ఎవరికిచ్చావ్ బాబూ? పనిచేస్తోందా?” పెళ్లి చేసి పంపిన పిల్ల క్షేమం అడిగినంత మామూలుగా అడిగేవారు. “పనిచేస్తోంది సార్, పెళ్లిపత్రికలు కొడుతున్నారు” అంటే తృప్తి పడేవారు. అంత డబ్బు పోసి కొన్నది వృథా పోలేదన్న తృప్తి అది. నేను చూసినంతలో ఆ రోజుల్లో పాతబడ్డ కంప్యూటరంటూ లేదు, పాతబడిన ఇల్లే ఉండేది. ఒక ఇంటికి పాతబడ్డది ఇంకో ఇంటికి కొత్తది.

డిస్కులు మాత్రం ఖాళీ చేసి ఇచ్చేవాణ్ని. అందులో కూతురి పెళ్లి ఖర్చుల లెక్క, ట్రాన్స్‌ఫర్ కోసం రాసుకున్న అర్జీ, పిల్లాడి డేంజరస్ డేవ్ ఆట అన్నీ ఉండేవి. ఎఫ్‌డిస్క్ కొట్టి, ఫార్మాట్ పెట్టి, శాతం అంకెలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఆ కూర్చునే సమయమే ఆ పనిలో అసలు భాగం. ఇంటావిడ ఉప్మా పెట్టేది. ఇంటర్ చదివే అమ్మాయి “అన్నా, ఫార్మాట్ అంటే మొత్తం పోతుందా?” అని పక్కన నిలబడేది. తాతగారు కంప్యూటరుకు చలువగది అక్కర్లేదని నమ్మేవారు కాదు. కాలేజీ ల్యాబుల్లో ఏసీలు పెట్టి, గుమ్మం బయటే చెప్పులు విప్పించిన కాలం కదా, మామూలు ఫ్యాను గాలికి అది ఎలా పనిచేస్తుందని ఆయన అనుమానం. కొత్త మిషను ఆన్ చేసేముందు మానిటర్‌కు పసుపు, కుంకుమ బొట్టు తప్పదు. కొబ్బరికాయ మాత్రం కీబోర్డుకు దూరంగా కొట్టమని బతిమాలేవాణ్ని.

కొన్ని పనులకు మాత్రం ఊపిరి బిగబట్టాలి. పెంటియం 100 ఉన్న బోర్డులో ఎంఎంఎక్స్ పెట్టమనేవాళ్లు. పాత పెంటియంకు లోపలా బయటా ఒకే వోల్టేజి. 1997 జనవరిలో వచ్చిన ఎంఎంఎక్స్‌కు లోపలికి 2.8 వోల్టులు, బయటికి 3.3. రెండు వోల్టేజీలు ఇవ్వగల బోర్డయితేనే అది నడుస్తుంది. సాకెట్ మాత్రం రెంటికీ ఒకటే కాబట్టి దూరుతుంది, కాలుతుంది. అందుకని ముందు బోర్డు మీద టార్చి వేసి, సన్నక్షరాల్లో ముద్రించిన జంపర్ల పట్టిక చదవాలి. పట్టిక లేకపోతే మాన్యువల్, మాన్యువల్ పోగొట్టుకుని ఉంటే సీటీసీలో అదే బోర్డున్న షాపు వెతుక్కోవాలి.

ఎంఎంఎక్స్ 233తో ఇంకో తమాషా. అది బోర్డు మీది 66 మెగాహెర్ట్జ్ బస్సు వేగాన్ని మూడున్నర రెట్లు చేసుకుని నడుస్తుంది. చాలా బోర్డుల్లో మూడున్నర అనే జంపరే ఉండదు. ఒకటిన్నర దగ్గర పెట్టాలి. ఆ ప్రాసెసర్ ఒకటిన్నర సంకేతాన్ని మూడున్నర అని చదువుకునేలా తయారైంది. ఈ సంగతి పుస్తకంలో కంటే ముందు సీటీసీ మెట్ల మీద, టీ తాగుతూ విన్నాం. 1998లో సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడూ అంతే. బస్సు 66 నుంచి 100కు మారిస్తే ఆ చవక ప్రాసెసర్ కాస్తా 450 మెగాహెర్ట్జ్ దగ్గర పరుగెత్తేది, చాలావరకు చెక్కుచెదరకుండా. మా దగ్గరికొచ్చే కుర్రాళ్లు పేరుతో సహా అదే అడిగేవాళ్లు. పెద్దవాళ్ల మిషన్లకు మాత్రం ఎవరమూ అలా చేసేవాళ్లం కాదు. ఎండాకాలం మధ్యాహ్నం వేళ మిషను వేడెక్కి ఆగిపోతే వాళ్లింటికి పరుగెత్తేది మేమే కదా.

ర్యామ్ రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. 1999 సెప్టెంబర్ 21న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి చిప్ ఫ్యాక్టరీలకు కరెంటు పోయింది. పార్క్‌లేన్‌లో షట్టర్లు తెరిచినవాళ్లు “రేటు చెప్పం, స్టాకు లేదు” అన్నారు. స్టాకుందని అందరికీ తెలుసు. ముందురోజు ఇచ్చిన కొటేషన్లు చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లకు భూకంపం కథ చెప్పాలి. సగంమంది నమ్మలేదు. తైవాన్‌లో భూమి కదిలితే సికింద్రాబాదులో ధర ఎందుకు పెరుగుతుందని అడిగిన ఒక రిటైర్డ్ తహసీల్దారు గారి ముఖం నాకిప్పటికీ గుర్తు.

అదే ఏడాది ఏప్రిల్ 26 కూడా. సీఐహెచ్ వైరస్, చెర్నోబిల్ దుర్ఘటన తేదీనే పేలింది కాబట్టి జనం చెర్నోబిల్ అన్నారు. తైవాన్ విద్యార్థి ఒకడు రాసింది. ఆ రోజు విండోస్ 95, 98 మిషన్లలో హార్డ్ డిస్కు మొదటి భాగాన్ని సున్నాలతో నింపేసింది, కొన్ని బోర్డుల్లో బయాస్‌నే చెరిపేసింది. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. దానికి మేం చేసిన వైద్యం ఇప్పుడు చెబితే పిచ్చి అంటారు. అదే మోడల్ బోర్డున్న మంచి మిషనును ఫ్లాపీతో లేపి, కరెంటు ఉండగానే దాని బయాస్ చిప్పును మెల్లగా పెకలించి, ఆ గూట్లో చచ్చిన చిప్పును కూర్చోబెట్టి, ఫ్లాపీలోంచి బయాస్ మళ్లీ రాసేవాళ్లం. మిషను అప్పటికే మేలుకుని ఉంది కాబట్టి చిప్పు మారినా నడుస్తూనే ఉంటుంది. చెయ్యి వణికి స్క్రూడ్రైవర్ జారితే రెండు బోర్డులూ పోతాయి. ఒకరికొకరం మంచి బోర్డులు అరువిచ్చుకున్నాం ఆ వారమంతా. పోటీ షాపువాడు కూడా ఇచ్చాడు.

అన్నీ ముచ్చటైన సంగతులేం కావు. ఒకే విండోస్ సీడీ వంద ఇళ్లు తిరిగేది, దాని సీరియల్ నంబరు మాకు ఫోన్ నంబరు కంటే బాగా వచ్చు. బిల్లు కావాలా వద్దా అన్న ప్రశ్న బేరంలో భాగం. ఎర్తింగ్ లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమనేది. కరెంటు కోతల్లో చవక యూపీఎస్‌లు మిషను కంటే ముందు పడిపోయేవి. వారంటీ అంటే షాపువాడి ముఖం చూసి మనం ఊహించుకోవాల్సిందే. ఇవాళ ఆ కాలాన్ని తలుచుకుని నిట్టూర్చేవాళ్లలో ఇవన్నీ పడ్డవాళ్లు తక్కువ.

ఆ పద్ధతి ఒక్కరోజులో పోలేదు. ముందు సౌండ్ కార్డు బోర్డులో కలిసిపోయింది, తర్వాత వీడియో, నెట్‌వర్కు. మారుద్దామంటే మార్చడానికి ముక్కలు తగ్గిపోయాయి. డెస్క్‌టాప్ స్థానంలో ల్యాప్‌టాప్ వచ్చింది, కొన్నాళ్లకు దాంట్లోనూ ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇవ్వసాగారు. పాతబడితే మొత్తం పాతబడటమే. ఇక ముక్క ఎవరింటికీ పోయే పని లేదు. నాతోటివాళ్లలో కొందరు సీసీ కెమెరాలు బిగిస్తున్నారు, కొందరు మొబైళ్లు. నేను లెక్కలు రాసే ఉద్యోగంలోకి వచ్చేశాను.

ఈమధ్య నా లాంగ్‌బుక్‌లో ఉన్న డీటీపీ సెంటరాయన ఫోన్ చేశాడు. తొంభైల చివర్లో ఆయన కంపోజ్ చేసిన స్థలపురాణం ఒకటి గుడివాళ్లు మళ్లీ అచ్చు వేస్తారట. పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి, కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగంతా చెత్తచెదారంగా కనిపిస్తోంది. కనిపించకేం చేస్తుంది? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ వాళ్ల చేతికి అది అందడానికి చాలాకాలం పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా మామూలు మిషన్లో యూనికోడ్ తెలుగు చూడటమే గగనం. అప్పటిదాకా ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో లెక్క. ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో మన తలకట్లు, వత్తులు ముక్కలు ముక్కలుగా దాచిపెట్టేవారు. ఆ ఫాంట్ల సాఫ్ట్‌వేర్ నడవాలంటే ప్రింటరు పోర్టుకు బొటనవేలంత హార్డ్‌వేర్ లాక్ తగిలించాలి. ఆయన దగ్గర లాక్ ఉంది. ఇప్పటి కంప్యూటర్లలో అది తగిలించే పోర్టే లేదు. “అన్నా, పాతది అటక మీదుంది, లేపుతవా?” అన్నాడు.

దింపి చూస్తే నేను బిగించిందే, ఎంఎంఎక్స్ 233. హార్డ్ డిస్కు తిరుగుతోంది గానీ లోపల టకటకమంటోంది. ముందు దాన్ని పక్కన పెట్టి, వెంట తెచ్చుకున్న అడాప్టరుకు 4 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు గుచ్చాను. పాత కెమెరాల్లో వాడిన ఆ కార్డు ఐడీఈ భాషే మాట్లాడుతుంది, బయాస్‌కు అది హార్డ్ డిస్కులాగే కనిపిస్తుంది. బోర్డు మీది గుండ్రటి సెల్లు, సీఆర్2032, చచ్చిపోయి తేదీ 1980కి పోయింది. పక్క కిరాణాలో కొత్త సెల్లు దొరికింది. ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. మౌసు బంతి తీసి, లోపలి రోలర్ల మీద పేరుకున్న మడ్డి గోటితో గీకాను. విండోస్ 98 ఎక్కాక టకటకలాడే డిస్కును స్లేవ్‌గా తగిలించి, అది బతికుండగానే ఫైళ్లన్నీ కార్డులోకి లాగేశాను.

లాక్ తగిలించి పేజ్‌మేకర్ తెరిస్తే పుస్తకం ఎలా వదిలేశాడో అలాగే వచ్చింది, నాలుగో పేజీలో అచ్చుతప్పుతో సహా. ఫాంట్లతో కలిపి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింట్ చేసి, కార్డు ఊడదీసి కొత్త కంప్యూటర్లో పెట్టి పీడీఎఫ్ చేస్తే అచ్చుకు సరిపోతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తడబడతాయి, ఎవరైనా కూర్చుని దిద్దాలి. దిద్దే పని ఆయన కోడలు తీసుకుంది.

ఆయన అక్కడితో ఆగలేదు. అటక మీది ఇంకో డబ్బాలోంచి ర్యామ్ స్టిక్కు ఒకటి తెచ్చి, “64 ఉంది కదా, ఇది కూడా వేస్తే 128 అయితది గదా అన్నా” అన్నాడు. వద్దన్నాను. ఆ 430టీఎక్స్ చిప్‌సెట్ బోర్డుల క్యాష్ మొదటి 64 ఎంబీని మాత్రమే పట్టించుకుంటుంది, విండోస్ 98 ఏమో పై చివర ఉన్న ర్యామ్‌నే ముందు వాడుతుంది, కాబట్టి ర్యామ్ పెంచితే మిషను నెమ్మదిస్తుంది. ఆయన నమ్మలేదు. వేసి చూపించాను, పేజ్‌మేకర్ నిజంగానే ఈడ్చుకుంటూ తెరుచుకుంది. తీసేసి, ఆ స్టిక్కు నేను జేబులో వేసుకున్నాను. డబ్బులేమన్నా ఇస్తావా అని అడిగాడు.